గుత్తి కొండ మీద నీళ్లు అయిపోయిన దినము

(రేడియో ప్రసంగ పాఠము)
వాక్య భాగము: యెహోషువ 15:16–19

ఇంట్లో రేడియో దగ్గర కూర్చున్నవారికి, ఆసుపత్రి మంచం మీద ఉన్నవారికి, శెనక్కాయ చేనులో గట్టు మీద చెట్టు కింద వింటున్నవారికి, బెంగళూరులో పని మీద ఉండి మన ఊరి మాట వినాలని పెట్టుకున్నవారికి, దేవుని సమాధానము కలుగును గాక.

ఈ దినము మనము ధ్యానించబోయే సంగతి స్వాస్థ్యము. రిజిస్ట్రారు ఆఫీసులో దీన్ని వారసత్వం అంటారు. మన ఊళ్లలో భాగం అంటారు. బైబిలులో స్వాస్థ్యము అని ఉంది. పేరు ఏదైనా, ఇంటి పెద్ద ప్రభువు పిలుపునందుకున్నాక, జ్ఞాపకార్థ కూడిక భోజనాలైపోయి విస్తళ్లు తీయకముందే ఆ మాట మొదలవుతుంది. నేను పాస్టరుగా ఎన్నో సమాధి కూడికలు చేశాను. ఏడ్పు ఆగకముందే కొలతల మాట వినిపించిన ఇళ్లు చాలా చూశాను. కాబట్టి ఈ సంగతి పరలోక స్వాస్థ్యముతోనే మొదలుపెట్టి తప్పించుకోవాలని నాకు లేదు. నేల దగ్గర నుంచే వద్దాము.

మీలో గుంతకల్లు నుంచి తాడిపత్రి వైపు రైల్లో పోయినవారు ఉంటారు. హైదరాబాదు, బెంగళూరు పెద్ద రోడ్డు మీద బస్సులో పోయినవారైతే ఇంకా ఎక్కువ. గుత్తి దగ్గరకు రాగానే కిటికీలోంచి ఒక కొండ కనిపిస్తుంది. చుట్టూ నేలకంటే దాదాపు 300 మీటర్ల ఎత్తు. కొండ చుట్టూ గోడ, గోడ లోపల గోడ, ద్వారం తరువాత ద్వారం. అక్కడి బండల మీద చాళుక్యుల కాలపు శాసనాలున్నాయి. విజయనగర రాజు బుక్కరాయల కాలపు శాసనం ఒకటి దీన్ని కోటలన్నిటికీ రాజు అని పొగిడింది. పైకి ఎక్కినవారికి రాతిలో తొలిచిన బావులు, గుండాలు కనిపిస్తాయి. కొండ కట్టినవారికి తెలుసు, గోడకన్నా ముందు నీళ్లు కావాలని.

ఆ కోటను ఏలినవారిలో మనకు దగ్గర కాలపువాడు మొరారిరావు ఘోర్పడే. మరాఠావాడు. పెద్ద రాజేమీ కాదు. ఢిల్లీ చరిత్రలో గాని, పూనా చరిత్రలో గాని ఆయనకు దొరికే చోటు నాలుగు వరుసలు. కానీ ఆయన కాలంలో దక్షిణాదిలో జరిగిన ప్రతి యుద్ధంలోనూ ఆయన గుర్రాల దుమ్ము కనిపిస్తుంది. 1741లో మరాఠాలు తిరుచిరాపల్లి కోట పట్టుకున్నప్పుడు దాన్ని ఆయన చేతిలో పెట్టారు. 1743లో నిజాం ఆసఫ్ జా పెద్ద సైన్యంతో వచ్చి తీసుకున్నాడు. 1751లో ఆర్కాటులో క్లైవు కొద్దిమందితో ముట్టడిలో చిక్కుకున్నప్పుడు ఆయనకు సాయంగా బయలుదేరినవాడు ఈ మొరారిరావే. మరుసటి ఏడాది తిరిగేసరికి ఫ్రెంచివారి పక్షం. డబ్బు ఎవరు ఎక్కువ ఇస్తే వారి వైపు. ఆ రోజుల్లో అది తప్పుగా ఎవరూ అనుకోలేదు. ఈ రోజుల్లో ఎన్నికల ముందు మనం చూస్తున్నదానికి అది మరీ దూరం కూడా కాదు.

ఇలా సంపాదించినదంతా తెచ్చి గుత్తిలో పెట్టుకున్నాడు. కొండ అంచున సున్నపు గచ్చుతో కట్టిన చిన్న మంటపం ఒకటి ఉంది. ఊరివారు దాన్ని మొరారిరావు గద్దె అంటారు. అక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడనీ, ఎదురుగా ఉన్న బండ మీదనుంచి ఖైదీలను కిందికి తోయిస్తూ చూసేవాడనీ ఊళ్లో తరతరాలుగా చెప్పుకునే కథ. అది ఎంత నిజమో దేవునికి తెలుసు. ఆ గద్దె దగ్గర నిలబడి చూస్తే మాత్రం కింద ఊరు మొత్తం అరచేతిలో ఉన్నట్టుంటుంది. అంత ఎత్తున కూర్చున్నవాడికి, తనకేమీ కాదనిపించడం సహజమే.

1775లో మైసూరు పాలకుడు హైదర్ అలీ బళ్లారి తీసుకుని గుత్తి మీదికి వచ్చాడు. ఇది మతాల కథ అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఇద్దరూ నేల కోసం కత్తి పట్టినవారే. కింది ఊరు ముందు పోయింది. మొరారిరావు పైకోటలో ఉండిపోయాడు. పూనా నుంచి సాయం వస్తుందని ఎదురుచూశాడు గాని, అక్కడ అప్పుడు రఘునాథరావు తగాదాతో వారి ఇల్లే రెండుగా చీలి ఉంది. గోడలు బలంగా ఉన్నాయి. తిండి ఉంది. మందుగుండు ఉంది. గుండాల్లో నీళ్లు తగ్గిపోయాయి.

పాత చరిత్రకారులు రాసిన ఒక సంగతి చెబుతాను. నీళ్లు అడుగంటాయని మొరారిరావు రాజీకి వచ్చాడట. కొంత సొమ్ము ఇచ్చి, మిగిలినదానికి జామీనుగా తన మనిషినొకడిని హైదర్ శిబిరానికి పంపాడట. ముట్టడి ఎత్తేశారు. ఆ జామీను మనిషిని హైదర్ మనుషులు మర్యాదగా చూశారు, పక్కన కూర్చోబెట్టి భోజనం పెట్టారు. మాటల్లో ఆ యువకుడు అన్నాడట, మీరు ఇంకో మూడు రోజులు ఆగి ఉంటే కోట మీదే అయ్యేది, పైన నీళ్లు లేవు అని. అంతే. ఏదో సాకు పెట్టి ముట్టడి మళ్లీ మొదలైంది. 1776లో గుత్తి లొంగిపోయింది.

ఆలోచించండి. ఫిరంగి చేయలేని పని దాహం చేసింది. మొరారిరావును శ్రీరంగపట్నం తీసుకుపోయారు. అక్కడనుంచి కబ్బాళదుర్గం కొండకు పంపారు. ఇప్పటి కర్ణాటకలో కనకపుర వైపు ఉంటుంది. అక్కడి నీరు, గాలి మనిషిని నిలవనీయవని ఆ రోజుల్లో పేరు. నీళ్లు లేక ఒక కొండ దిగినవాడు, నీళ్లు మంచివి కాని మరో కొండ మీద కన్ను మూశాడు.

సరే, ఆయన స్వాస్థ్యము ఏమైంది? ఆయన తరువాత నిలిచిన కొడుకులు లేరు. దూరపు బంధువు శివరావును దత్తు తీసుకున్నాడు. ఘోర్పడేలకు గుత్తి కాక సండూరు అనే చిన్న సీమ కూడా ఉండేది. ఇప్పుడు బళ్లారి జిల్లాలో ఉంది, ఇనుప రాయి లారీల వల్ల మనందరికీ తెలిసిన పేరే. ఆ సండూరును టిప్పు సైన్యం నుంచి విడిపించబోయి 1785 ప్రాంతంలో శివరావు చనిపోయాడు. అప్పటికి ఆయన కొడుకు సిద్దోజికి రెండేళ్లు. చిన్నాయన వెంకటరావు ఆ పిల్లవాడి పక్షాన నిలబడి 1790లో టిప్పు మనుషులను వెళ్లగొట్టాడు. ఆ పిల్లవాడూ 1796లో, 13 ఏళ్లకే పోయాడు. వంశం అక్కడితో ఆగిపోవలసింది. ఆగనివ్వనిది ఎవరో తెలుసా? ఆ పిల్లవాడి భార్య. పదమూడేళ్లకు పోయినవాడి భార్యకు ఎన్నేళ్లుంటాయో మీరే ఊహించుకోండి. ఆమె ఇంకొక శివరావును దత్తు తీసుకుంది. చరిత్ర పుస్తకాల్లో ఆమెకు దొరికింది ఒక్క వాక్యం. కానీ 1949లో మన దేశంలో కలిసిపోయేవరకు ఆ సంస్థానం నిలబడిందంటే ఆ ఒక్క వాక్యమే కారణం.

మధ్యలో ఒక గండం కూడా వచ్చింది. సండూరు మాది, మా సేనాపతికి ఇచ్చాము అని పీష్వా పట్టుబట్టాడు. 1817లో ఆయన మాట మీద సర్ థామస్ మన్రో సైన్యంతో వెళ్లాడు. శివరావు తగాదా పడకుండా కోట అప్పగించాడు. మరుసటి ఏడు పీష్వా రాజ్యమే పోయింది. అప్పుడు ఆ మన్రోయే, ఇతనిది ఇతనికి ఇచ్చేయండి అని సిఫారసు చేశాడు. సుమారు 160 చదరపు మైళ్ల సీమ, 1826లో సన్నదు ఇచ్చి స్థిరపరిచారు. గుత్తి మాత్రం తిరిగి రాలేదు. అది 1800లోనే దత్తమండలంతో పాటు ఇంగ్లీషువారి చేతికి వెళ్లిపోయింది.

ఆ మన్రో సంగతి కూడా గుత్తికే వచ్చి చేరింది. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోతే, తెచ్చి గుత్తి కొండ కింద సమాధి చేశారు. నాలుగేళ్లకు అక్కడనుంచి కూడా తీసి మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తీసుకుపోయారు. పత్తికొండలో ఆయన పేరు మీద ఏమి చేశారంటే, తోపు వేయించి, రాతితో మెట్లబావి కట్టించారు. ఇది నాకు బాగా నచ్చిన జ్ఞాపకార్థం. చనిపోయినవాడి పేరుతో దాహం తీరడం.

ఇక్కడ మీరు అడగవచ్చు. అయ్యగారూ, ఇవన్నీ లోకపు రాజుల సంగతులు, భక్తిగల రాజు అయితే ఇలా జరిగేదా అని. న్యాయమైన ప్రశ్నే. నేను సెమినరీలో సంఘ చరిత్ర చదివేటప్పుడు ఒక జర్మను ప్రభువు కథ నా మనసులో నిలిచిపోయింది. గుత్తి కథ విన్నప్పుడల్లా ఆయన గుర్తుకొస్తాడు, ఎందుకంటే ఆయన కథలోనూ చదరంగం బల్ల ఉంది.

ఆయన పేరు యోహాను ఫ్రెడరిక్. సాక్సనీ దేశపు ప్రభువు. మార్టిన్ లూథరును వార్ట్‌బర్గు కోటలో దాచి కాపాడిన ఫ్రెడరిక్ ఉన్నాడే, ఆయన తమ్ముడి కొడుకు ఇతడు. 1532లో పాలనకు వచ్చాడు. చక్రవర్తిని ఎన్నుకునే కొద్దిమంది ప్రభువులలో ఒకడు. సంస్కరణ సంఘాల పక్షాన నిలబడినందుకు అయిదవ చార్లెస్ చక్రవర్తితో యుద్ధం వచ్చింది. 1547 ఏప్రిల్ 24న మ్యూల్‌బర్గు దగ్గర ఓడిపోయి, ముఖం మీద కత్తి గాయంతో పట్టుబడ్డాడు. మరణశిక్ష వేశారు. ఆ తీర్పు చదివి వినిపించినప్పుడు ఆయన చదరంగం ఆడుతున్నాడనీ, విని, ఎదుటివాడితో ఆట సాగించమన్నాడనీ చెబుతారు. గుత్తి గద్దె మీద ఇతరుల చావు చూస్తూ ఆడినది ఒక ఆట అయితే, తన చావు వింటూ ఆడినది ఇంకొక ఆట.

ఆయన భార్య సిబిల్, పిల్లలు ముట్టడిలో ఉన్న విట్టెన్‌బర్గు పట్టణంలో ఉన్నారు. వారికోసం సంతకం పెట్టాడు. ప్రాణం దక్కింది. పదవి పోయింది, విట్టెన్‌బర్గు పోయింది, సగానికి పైగా నేల పోయింది. అవన్నీ ఎవరికి పోయాయి? పరాయివాడికి కాదు. తన సొంత దాయాది మోరిట్జుకే. ఈ మాట వింటున్నప్పుడు మన ఊళ్లలో కొందరికి గుండెలో కలుక్కుమంటుందని నాకు తెలుసు. అయిదేళ్లు ఖైదు. 1548లో చక్రవర్తి, సంఘ విశ్వాసం విషయమై ఒక పత్రం పెట్టి ఒప్పుకోమన్నాడు. నేలకు సంతకం పెట్టినవాడు దానికి పెట్టలేదు. ఇందులో ఒక సంగతి చూడండి. పట్టణం వదిలాడు గాని విట్టెన్‌బర్గులోని తన పుస్తక భాండారం వదలలేదు. అది నా సొంతమని నిలబెట్టుకున్నాడు. విట్టెన్‌బర్గు పోతే లేఖనాలు నేర్పే చోటు ఉండదు గనుక, తాను ఖైదులో ఉండగానే యేనా అనే ఊళ్లో ఒక పాఠశాల మొదలుపెట్టించాడు. ఆ పుస్తకాలు అక్కడికి చేరాయి. 1558లో అది విశ్వవిద్యాలయమైంది, ఈనాటికీ ఉంది. ఆయన 1552లో విడుదలయ్యాడు. 1554లో భార్య పోయిన రెండు వారాల్లోపే తానూ పోయాడు.

అయితే కథ ఇక్కడ ఆపితే నేను మీకు సగమే చెప్పినవాడినవుతాను. ఆయన పెద్ద కొడుకు, అదే పేరు గలవాడు, పోయిన పదవి తిరిగి సంపాదించాలనే ఆశతో ఒక దుడుకు మనిషి మాట నమ్మి చక్రవర్తికి ఎదురుతిరిగాడు. 1567లో పట్టుబడి, 28 ఏళ్లు ఖైదులోనే ఉండి 1595లో చనిపోయాడు. తండ్రి విశ్వాసం కోసం ఖైదుకు పోతే, కొడుకు ఆస్తి కోసం పోయాడు. తరువాతివారు అన్నదమ్ములు పంచుకుంటూ, వారి పిల్లలు పంచుకుంటూ, వైమార్, గోథా, కోబర్గ్, మైనింగెన్ అని ముక్కలు ముక్కలు చేసుకున్నారు. మన ఊళ్లో ఇరవై ఎకరాల ఆసామి మనవలు ఎకరం, ఎకరంన్నరకు వచ్చినట్టే. 1918లో జర్మనీలో రాజులందరితో పాటు ఆ ముక్కలూ పోయాయి. భక్తిగల తండ్రికి పుట్టినంత మాత్రాన భక్తి భాగానికి రాదు. పాస్టర్ల పిల్లలను చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు, నా ఇంటిని కూడా కలుపుకునే అంటున్నాను.

ఇప్పుడు యెహోషువ గ్రంథానికి రండి. 15వ అధ్యాయము. ఆ అధ్యాయమంతా సరిహద్దులే. ఫలానా కొండ, ఫలానా వాగు, ఫలానా ఊరు. చదువుతూ చాలామంది దాటేస్తారు. ఆ సర్వే నంబర్ల మధ్యలో ఒక ఆడపిల్ల గాడిద మీద వస్తుంది. ఆమె పేరు అక్సా, కాలేబు కూతురు. ఎనభై అయిదేళ్ల వయస్సులో కొండసీమ నాకిమ్మని అడిగి తీసుకున్న ఆ కాలేబే. దెబీరు పట్టణాన్ని పట్టుకున్నందుకు ఒత్నీయేలుకు ఆమెను ఇచ్చి పెండ్లి చేశాడు. నేల కూడా ఇచ్చాడు. ఎలాంటి నేల? దక్షిణ భూమి. యూదా దేశపు దక్షిణం అంటే మన అనంతపురం అనుకోండి. వాన పడితే పంట, పడకపోతే దుమ్ము. మనకు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ పడుతుంది, అక్కడ ఇంకా తక్కువ.

అక్సా గాడిద దిగుతుంది. దిగడమే ఒక అర్జీ. కాలేబు చూసి, నీకేమి కావాలమ్మా అని అడుగుతాడు. ఆమె అడిగినది, వాక్యము తెరచి మీరే చదవండి. ఎండు నేల ఇచ్చావు, నీళ్లు కూడా ఇవ్వమంటుంది. అంతే. నేల తిరిగి ఇచ్చేస్తానని అనదు. అన్నలకు మంచిది ఇచ్చావని ఏడవదు. నేలకు నీళ్లు లేకపోతే అది స్వాస్థ్యము కాదని ఆమెకు తెలుసు. కాలేబు కోప్పడలేదు. ఇచ్చింది చాలదా అని అనలేదు. మెరక మడుగులూ ఇచ్చాడు, పల్లపు మడుగులూ ఇచ్చాడు. ఒకటి అడిగితే రెండు.

ఇదే కథ న్యాయాధిపతుల గ్రంథము మొదటి అధ్యాయములో మళ్లీ ఉంది. పరిశుద్ధాత్మ దేవుడు ఈ నాలుగు వచనాలు రెండుసార్లు ఎందుకు రాయించాడా అని నేను చాలాకాలం ఆలోచించలేదు. నా మట్టుకు నాకు రెండుసార్లు చెప్పవలసి వచ్చింది గనుక అని ఇప్పుడు అనుకుంటున్నాను. ఎందుకో చెబుతాను.

కొన్ని సంవత్సరాల క్రితం నేను సేవ చేసే ప్రాంతంలో ఒక విశ్వాసి ప్రభువునందు నిద్రించాడు. పేర్లు, ఊరు చెప్పను. ఆయనకు ఆరు ఎకరాలు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. కూతురు భర్త పోయి ఇద్దరు బిడ్డలతో పుట్టింటికి వచ్చి ఉంది. నాలుగు బోర్లు వేసి మూడు ఎండిపోగా, పల్లం వైపు ఒక్క బోరులో నీళ్లు మిగిలాయి. అన్నదమ్ములు మంచివారే, ఆదివారం తప్పరు. చెల్లెలికి గట్టు వైపు ఎకరంన్నర ఇచ్చారు. అక్కడ పారే నీళ్లు లేవు. బోరు ఇద్దరి పేరా రాసుకున్నారు. ఆమె నా దగ్గరకు వచ్చింది. "అయ్యగారూ, చేను ఇస్తే ఇచ్చినారు, నీళ్లు యాడుండాయి? వారానికి ఒక తడి అడగండి, నేనడిగితే గొడవైతాది" అన్నది.

నేనేమన్నానో తెలుసా? "అమ్మా, అడగకుండానే భాగం ఇచ్చినారు, అది ఇయ్యనోళ్లు ఎంతమంది లేరు. సమాధానం ముఖ్యం. సంతకం పెట్టేయమ్మా, దేవుడు చూసుకుంటాడు" అన్నాను. ప్రార్థన కూడా చేశాను. ఆమె సంతకం పెట్టింది. రెండేళ్లు వరసగా విత్తనం మట్టిలో పోసింది. కాయ తిరగలేదు. అప్పు మిగిలింది. బిడ్డలను తీసుకుని బెంగళూరుకు పోయింది, అక్కడ కట్టే బిల్డింగుల దగ్గర ఇటుకలు మోస్తున్నది.

ఆ తరువాత ఒకసారి స్త్రీల కూడికకు పాఠం తయారుచేసుకుంటూ ఈ వచనాలు తెరిచాను. గాడిద దిగిన అక్సాను చూశాను. నీకేమి కావాలమ్మా అని అడిగిన ముసలి తండ్రిని చూశాను. ఆయన కుర్చీలో ఆ రోజు నేను కూర్చుని ఉన్నాను. ఆమె అడిగింది ఆ వచనములో ఉన్నదే. నేను ఇచ్చిన జవాబు మాత్రం ఆ వచనములో లేదు. సమాధానం అని నేను పేరు పెట్టినది, నిజానికి నాకు తలనొప్పి రాకూడదనే. నేను దాన్ని ప్రార్థనతో కప్పాను.

సహోదరులారా, చట్టం సంగతి కూడా ఒక మాట చెప్పనివ్వండి, తెలియక మోసపోయేవారు ఎక్కువ. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, క్రైస్తవుడు వీలునామా రాయకుండా చనిపోతే అతని ఆస్తిలో మూడో వంతు భార్యకు. మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ సమానంగా. కొడుకుకు ఎంతో కూతురుకూ అంతే. అది దయ కాదు, హక్కు. ఆ చట్టం రావడానికి వేల ఏళ్ల ముందే, సంఖ్యాకాండము 27వ అధ్యాయములో సెలోపెహాదు కూతుళ్లు అయిదుగురు మోషే ఎదుట నిలబడ్డారు. మోషే వారిని సర్దుకోమని పంపలేదు. దేవుని దగ్గరకు వెళ్లి అడిగాడు. వారు చెప్పినది న్యాయమని దేవుడు అన్నాడు. మోషేకు ఉన్న ఆ వినయం ఆ రోజు నాకు లేకపోయింది.

మరి లూకా సువార్త 12వ అధ్యాయములో ఒకడు వచ్చి, మా అన్నతో పంచిపెట్టమని చెప్పు అంటే ప్రభువు నేను తీర్పరిని కాను అన్నాడు కదా, పాస్టరు ఎందుకు తలదూర్చాలి అని కొందరు అడుగుతారు. ఆ మాట చాటున నేనూ చాలాకాలం దాక్కున్నాను. కానీ అదే చోట ప్రభువు చెప్పిన ఉపమానం చూడండి. కొట్లు పెద్దవి చేసుకున్న ధనవంతుడిని గూర్చి చెప్పాడు. ఆయన హెచ్చరించినది కూడబెట్టుకునేవాడిని. దాహంతో అడిగినదాన్ని నోరు మూయమనడానికి ఆ వచనాన్ని వాడితే, అది మనం చేసిన పని, ప్రభువు చేసినది కాదు.

ప్రభువు బావి దగ్గర ఏం చేశాడో యోహాను 4వ అధ్యాయములో ఉంది. సుఖారు ఊరి దగ్గర యాకోబు బావి. తండ్రి తవ్వించి పిల్లలకు విడిచిన బావి. ఆ సమరయ స్త్రీకి ఆ సంగతి గొప్ప, మా తండ్రి యాకోబుదని చెప్పుకుంటుంది. తరతరాల స్వాస్థ్యము ఎదురుగా ఉంది, అయినా ఆమె మిట్టమధ్యాహ్నం ఒంటరిగా కడవ మోస్తూ వస్తున్నది. ఊరందరికీ ఉన్న బావి, ఆమెకు లేనట్టే ఉంది. ప్రభువు అలసి ఆ బావి గట్టు మీద కూర్చుని, మొదట ఆమెనే నీళ్లు అడిగాడు. ఆకాశ మహాకాశములు పట్టజాలని దేవుడు, దాహమై ఒక స్త్రీని నీళ్లడిగాడు. తరువాత సిలువ మీద కూడా దప్పిక అన్నాడు. గుండాలు ఎండిన కొండ మీద మనిషి గొంతు ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. ఆ దాహం తాను తీసుకుని, లోపలనుంచి ఊరే నీటిని మనకు స్వాస్థ్యముగా ఇచ్చాడు. అది ఏ హైదరూ ముట్టడించి ఎండగట్టలేనిది, ఏ దాయాదీ రాయించుకోలేనిది.

కానీ ఆ నీళ్లు తాగినవాడు బోరు స్టార్టరు పెట్టెకు తాళం వేసుకుని కూర్చుంటే, ఏ నీళ్లు తాగాడని నేను నమ్మాలి?

ఆ పాఠం తయారుచేసుకున్న వారంలో నేను ఆ ఇంటికి వెళ్లాను. అన్నదమ్ములిద్దరినీ కూర్చోబెట్టి, మీకన్నా ముందు నా తప్పు ఒప్పుకోవడానికి వచ్చాను అన్నాను. ఈ అధ్యాయం చదివాను. చిన్నవాడు చాలాసేపు తల దించుకున్నాడు. మరునాడు పైపులు తెచ్చి గట్టు వైపు చేను దాకా వేశాడు, తన వంతులోనుంచి వారానికి ఒక తడి ఇస్తానన్నాడు. పెద్దవాడు లేచి లోపలికి పోయాడు. మరుసటి ఆదివారం గుడికి రాలేదు. తరువాత వచ్చాడు, ఇప్పుడూ వస్తున్నాడు, వెనక వరసలో కూర్చుంటున్నాడు. బోరు మాట ఎత్తడు. నేను ఎత్తుతూనే ఉన్నాను.

బెంగళూరుకు ఫోన్ చేసి ఆమెకు చెప్పాను. క్షమించమని అడిగాను. "మీరేం చేస్తారులే అయ్యగారూ" అన్నది. ఆ మాట నాకు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది. ఈ వానలకు రాలేనన్నది, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుంది, అది తీరాలి. పైపులు మాత్రం ఆ చేను గట్టు మీద చుట్టి పెట్టి ఉన్నాయి. చిన్నవాడి భార్య వాటి మీద గోనెపట్ట కప్పింది, ఎండకు పగలకుండా.

ప్రార్థన చేసుకుందాము.

పరలోకమందున్న మా తండ్రీ, ఈ ఎండు నేలను మాకు ఇచ్చినవాడవు నీవే. ఈ గడియలో వింటున్న ఇళ్లలో, పంపకాలు కాని ఇళ్లు ఉన్నాయి, పంపకాలై మాటలు లేని ఇళ్లు ఉన్నాయి. అడగడానికి భయపడుతున్న ఆడబిడ్డలకు గాడిద దిగే ధైర్యం దయచేయుము. ఇంటి పెద్దలకు కాలేబు చెవి ఇవ్వుము. నా వంటి పాస్టర్లు సమాధానము పేరుతో ఎవరినైనా దాహముతో పంపివేసి ఉంటే, వారి ఇంటి దారి మళ్లీ మాకు చూపుము. ఆ పెద్ద సహోదరుని జ్ఞాపకము చేసుకొనుము. ఆ చెల్లెలి అప్పు తీర్చి, వచ్చే విత్తనపు కాలానికి ఆమెను ఇంటికి తీసుకొని రమ్ము. యేసుక్రీస్తు నామములో అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.